అద్దాల మేడల ఊరు

సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టింది స్వెట్టరు. అడుగున ఉంటే ఎవరి కంటా పడదనుకున్నాను. పిల్లల బట్టలూ తువ్వాళ్ళూ మంచం మీద పరుచుకుని, ఏది ముందు పెట్టాలో ఏది వెనక పెట్టాలో తేల్చుకోలేక నేను తంటాలు పడుతుంటే, మనవరాలు పిచ్చుక అలమర కింది అర తెరిచి, కలరా ఉండల వాసన కొడుతున్న ఆ బూడిదరంగు స్వెట్టర్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి, "నానమ్మా, నాన్నకి అక్కడ చలేస్తుందేమో, ఇది కూడా పెట్టు" అంది. వంటింట్లో ఉన్న తల్లికి వినపడకుండా గుసగుసగా అంది, నేను నేర్పినట్టే. నేను పెట్టాను. వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది, ఎందుకు వద్దో ఇంకొక్క మాట చెబితే అన్నీ అక్కడే ఆగిపోయేవి, కానీ చేతులు వాటంతటవే దాన్ని మడత పెట్టాయి, మోచేతి దగ్గర నేను వేసిన అతుకు కనబడకుండా లోపలికి తిప్పాయి, పైన దాని తమ్ముడు బుడంకాయగాడి నిక్కర్లు సర్దాయి, జిప్పు లాగేశాయి. నా కొడుకు స్వెట్టరది. వాడు చనిపోయి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి నాకు తెలుసు, కోడలికి తెలుసు, వీధి వీధంతటికీ తెలుసు. తెలియనిది వాడి కూతురు పిచ్చుకకి ఒక్కదానికే. తెలియకుండా చేసింది నేను.

ఇప్పుడా సంచి లోపలి గదిలో బల్ల మీద ఉంది. మేం బయట హాల్లో ఉన్నాం. సరిహద్దు దాటబోయే బళ్ళని ఆపి చూసే చోటిది, ఇంకా మన వైపే, ఇక్కడ ముద్ర పడితే ముందు వంతెన, వంతెన అవతల వేరే దేశం, అక్కణ్ణించి సాయంత్రానికి మేం వెళ్ళే ఊరు. ఒక ఇనుప కడ్డీకి వరసగా బిగించిన కుర్చీలు, ఒకళ్ళు కదిలితే వరసంతా కదులుతుంది, అందుకని కదలడానికి కూడా సిగ్గుగా ఉంది. బుడంకాయ నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాడు, వాడి నోట్లోంచి కారిన బిస్కెట్టు ముద్ద నా చీర మీద ఎండిపోతోంది, నా తొడ తిమ్మిరెక్కింది, అయినా వాణ్ణి జరపబుద్ధి కావడంలేదు, వాడు లేస్తే మళ్ళీ నాన్న ఏడీ అంటాడు, వాడికి నాన్నంటే లోపల గదిలో ఉన్న మాస్టారు. పిచ్చుక నా పక్క కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని, గోడ మీది బోర్డులో మన అక్షరాలు పైకి చదువుతోంది, ఫోటోలు తీయరాదు, వరస తప్పరాదు, సొంత సామాను వదలరాదు, అన్నీ రాదులే. మన అక్షరాల కింద అవతలి వాళ్ళ అక్షరాలు, సున్నాలూ కొక్కేలూ ముడులూ. "అవేం రాశారు నానమ్మా?" అంది. నాకు రావమ్మా అన్నాను. "నీకు అన్నీ వచ్చు కదా" అంది ఆశ్చర్యంగా. నాకు అన్నీ వచ్చని నమ్మే మనిషి ఈ భూమి మీద అదొక్కతే మిగిలింది, ఇంకాసేపట్లో అదీ మిగలదేమో.

గాజు కిటికీ దగ్గర జరిగింది మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకొస్తోంది, తోసేస్తే పోవడంలేదు. కారు నడుపుతున్నది కోడలు. పక్క సీట్లో మాస్టారు. ఆయన కారు నేర్పే మాస్టారు, ఆ కారు కూడా నేర్పే కారే, ప్రయాణం కోసం పైనున్న బోర్డు విప్పేశాడు గానీ పక్క సీటు కింద రెండో బ్రేకు అలాగే ఉంది. లావుపాటి ఉద్యోగి ఒకడు లోపలికి తొంగిచూసి, "ఇదేంటండీ, ఇద్దరికీ చెరో బ్రేకా? ఇంట్లో కూడా ఇలాగేనా?" అని నవ్వాడు. మాస్టారూ నవ్వాడు. "ఇంట్లో నాకు బ్రేకు లేదండీ, అంతా ఆవిడ చేతిలోనే" అన్నాడు. అప్పటిదాకా అంతా బాగానే ఉంది. కిటికీలో కూర్చున్న ఆఫీసరమ్మ, మా కోడలి ఈడుదే, పిల్లలతో వచ్చేవాళ్ళందర్నీ అడిగే మాటే అడిగింది, వెనక సీటు వైపు వంగి, "ఏరా, ఈయనెవరు నీకు?" అంది. బుడంకాయ నోటినిండా బిస్కెట్టుతో "నాన్న" అన్నాడు. పిచ్చుక వాడి చెయ్యి మీద ఫట్టుమని ఒకటిచ్చింది. "నాన్న కాదు, మాస్టారు! నీకెన్నిసార్లు చెప్పాలి?" అంది. ఆ గొంతు నాది. ఆ మాట నాది, ఆ దెబ్బ కూడా నాదే, నిన్నకాక మొన్న వంటింటి గుమ్మంలో వాడికి నేనిచ్చిన దెబ్బే అది, అదే చెయ్యి, అదే చోటు.

"మాస్టారేంటమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"కారు నేర్పే మాస్టారు."

"మరి మీ నాన్నేడీ?"

"ఆ ఊళ్ళో ఉన్నాడు. పెద్ద పెద్ద మేడలకి అద్దాలు బిగిస్తున్నాడు. మేం నాన్న దగ్గరికే వెళ్తున్నాం" అని, కొంచెం ఆగి, గొప్ప రహస్యం చెప్పే గొంతుతో, "అమ్మకి తెలీదు" అంది.

ఆఫీసరమ్మ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. కోడలు వెనక్కి తిరగలేదు, పైనున్న అద్దంలోకి చూసింది, ఆ అద్దంలో నా మొహం వెతుక్కుంది. "పెద్దమ్మా, మీరెవరు పిల్లలకి?" నానమ్మని. "అంటే వాళ్ళ నాన్న తల్లి?" అవును. "పాప చెప్పేది నిజమేనా?" పిచ్చుక నా వైపు తిరిగి చూస్తోంది. భయంగా కాదు, అనుమానంగా కాదు, లెక్క సరిచేయడానికి పలక చూపించే పిల్లలా చూస్తోంది, ఒప్పు పెడతానని దానికి గట్టి నమ్మకం. ఆ కళ్ళ ముందు తల అడ్డంగా తిప్పడం నా వల్ల కాలేదు. ఊపాను. అవునని ఊపాను. మాస్టారి కాలు తన వైపు బ్రేకు మీద పడ్డట్టు కింద టప్పుమంది. అద్దంలో కోడలి కళ్ళు నా మీంచి మెల్లగా తప్పుకున్నాయి. "బండి పక్కకి పెట్టండి" అంది ఆఫీసరమ్మ.

అప్పట్నించీ వాళ్ళిద్దరూ ఆ గదిలోనే. తలుపు పైభాగం గాజు, కింది భాగం చెక్క, నడుములదాకా కనిపిస్తారు, మాటలు వినపడవు. కోడలు చేతులు కట్టుకుని నిలబడి ఉంది, మాస్టారు కూర్చుని ఉన్నాడు, సగం కుర్చీలోనే కూర్చుంటాడు ఎప్పుడూ, మిగతా సగం ఇంకెవరికో వదిలినట్టు. లావుపాటి ఉద్యోగి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికొచ్చి, నేను అడక్కుండానే చెప్పాడు. "తండ్రి తాలూకు కాగితాలు ఇంట్లో ఉన్నాయంటున్నారమ్మా. మీ ఊరి ఆఫీసుకి ఫోన్ చేస్తే భోజనాల వేళ, ఎవడూ ఎత్తట్లేదు. తల్లేమో తండ్రి లేడంటోంది, తండ్రి తల్లేమో ఉన్నాడని తలూపింది. ఇద్దర్లో ఒకరిది అబద్ధం కదా? భార్యాభర్తలు గొడవపడి ఒకళ్ళకి తెలీకుండా ఇంకొకళ్ళు పిల్లల్ని దాటించేస్తుంటారు ఇక్కడ, మొన్నా ఒకటి దొరికింది. కేసు రాస్తే ఆయన్ని టౌను స్టేషన్‌కి పంపాలి, పిల్లల్ని వేరే చోట ఉంచాలి." నీళ్ళు తాగి, గ్లాసు డ్రమ్ము మీద బోర్లించి వెళ్ళిపోయాడు. పిల్లల్ని వేరే చోట. ఆ మాట వినగానే లేచి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చిన మాటకి ఎదురుగా ఈ పిల్ల కూర్చుని ఉంది, కాళ్ళు ఊపుకుంటూ, వరస తప్పరాదు అని చదువుకుంటూ.

వరస. మన మాటల్లో ప్రతి మనిషికీ ఒక వరస ఇచ్చేస్తాం. పాలవాణ్ణి బాబాయి అంటాం, పక్కింటామెని వదిన అంటాం, ఊరూపేరూ తెలియని కండక్టర్ని అన్నయ్యా ఇక్కడ ఆపు అంటాం. ఇంట్లోకి వచ్చి, నా మోకాళ్ళకి తైలం తెచ్చి, నేను కుర్చీలోంచి లేస్తుంటే కూడా అలవాటుగా "మెల్లగా, మెల్లగా, ఆఁ, ఇప్పుడు వదలండి" అనే మనిషికి మాత్రం నేను వరస ఇవ్వలేదు. కోడలి మొగుణ్ణి ఏమనాలి? ఎంత వెతికినా నాకు దొరికేది ఒకటే మాట, అది నా దగ్గర ఒక్కటే ఉంది, దాన్ని ఒకడికి ఇచ్చేశాను, వాడు దాన్ని పట్టుకుని వెళ్ళిపోయాడు. అందుకని మాస్టారు అన్నాను. పిల్లల చేత అనిపించాను. కోడలు కూడా పెళ్ళికి ముందటి అలవాటు మానుకోలేక మాస్టారూ అనే పిలుస్తుంది, వాళ్ళిద్దరి మధ్యా ఆ మాటకి ఏదో ముద్దు ఉంది, నా నోట్లో మాత్రం అది కంచె. పెళ్ళికి ముందు ఆయన మా ఇంటికొచ్చిన రోజు కూడా ఇలాగే కుర్చీ అంచున కూర్చుని, "అమ్మగారూ, మీరు మాతోనే ఉండాలి. మీరు ఉండనంటే నేను ఆవిణ్ణి అసలు అడగనే అడగను" అన్నాడు. నన్ను అడిగాడు ముందు. తనని కట్టుకోబోయేదాని కంటే ముందు, చచ్చిపోయినవాడి తల్లిని అడిగాడు. నీ ఇష్టం మాస్టారూ అన్నాను, పెద్ద మనసున్నదానిలా, లోపల ఏ మూలో ఈ ఇల్లు ఇంకా నా కొడుకు ఇల్లే, నువ్వు పాఠం చెప్పి వెళ్ళిపోయేవాడివే అనుకుంటూ. బుడంకాయగాడికి తండ్రి మొహమే తెలీదు, తండ్రి పోయేనాటికి పాలు తాగే పిల్లాడు, వాడు నాన్నా అంటూ ఆయన కాళ్ళకి చుట్టుకుంటే ఆయన మొహం ఎలా వెలిగేదో చూశాను, చూసి కూడా, కాదురా, మాస్టారు అనాలి అని కొట్టాను. ఆ వెలుగుని నా చేత్తో నేనే ఆర్పాను, ఆయన ఏమీ అనలేదు, "పోనీలెండి అమ్మగారూ, ఎలా పిలిస్తే ఏముంది" అన్నాడు.

ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. ఫినాయిలు వాసన. ఆసుపత్రిలో కూడా ఇదే వాసన, నా భర్తని బండి మీద పడుకోబెట్టి లిఫ్టులోకి తోస్తుంటే, కళ్ళజోడు కళ్ళజోడు అన్నారాయన, నేను వెనక్కి పరిగెత్తి మంచం కింద వెతికి తెచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి, ఆ మూసుకున్న ఇనుప తలుపుల ముందు కళ్ళజోడు పట్టుకుని నిలబడ్డాను, అంతే, ఆయన్ని మళ్ళీ ప్రాణాలతో చూడలేదు. నాకు సాగనంపడం రాదు. మా అమ్మ నన్ను అత్తారింటికి బస్సెక్కించినప్పుడు కూడా, బస్సు కదలకముందే నేను కళ్ళు మూసుకున్నాను, తెరిచేసరికి ఊరు దాటిపోయింది. ఎవరు గడప దాటుతున్నా వీధి చివర మలుపు తిరిగేదాకా చూడలేను, లోపలికి వచ్చి ఏదో ఒకటి చదువుతూ కూర్చుంటాను. చదవడమంటే, నేను బడికి పోయి నేర్చుకున్నది కాదు. నా కొడుకు ఒకటో తరగతి పుస్తకం నాకూ ఒకటో తరగతే. సాయంత్రం వాడు పైకి చదువుతుంటే పక్కన బియ్యం ఏరుతూ నేనూ వేలితో వెంట వెళ్ళేదాన్ని, నేను తప్పు చదివితే వాడు పడీ పడీ నవ్వేవాడు, "అమ్మా, అది చలం కాదే, జలం!" ఆ తరవాత వాడు పై తరగతులకి పోయాడు, నేను పొట్లాల కాగితాలకి పోయాను, మందుల డబ్బాలో మడతపెట్టిన చీటీలకి, అద్దె పుస్తకాలకి, కనబడ్డ ప్రతిదానికీ. పుస్తకాల్లో ఒక వెసులుబాటు ఉంది, పోయినవాళ్ళు నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే మళ్ళీ ఉంటారు, నవ్వుతూ తలుపు తీసుకుని వస్తారు. ఆ వెసులుబాటు నా ఒంటికి పట్టేసింది కాబోలు. నా కొడుకుని ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు, చూడకపోవడమే మంచిదమ్మా, అద్దాలు బిగిస్తూ పై నుంచి పడ్డాడు అన్నారు. సరే అన్నాను. చూడలేదు. చూడనిదాన్ని జరగలేదనుకోవడం ఎంత తేలికో, చేసినవాళ్ళకే తెలుస్తుంది.

పిచ్చుకని ఆ రోజుల్లో పక్కింట్లో ఉంచాం. తిరిగొచ్చాక నాన్నేడీ అంది. కోడలు పసివాడికి పాలిస్తూ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది, లేచేది కాదు, తినేది కాదు. నేనే అన్నాను, అమ్మాయ్, దానికి నేను చెప్తాలే, నా కొడుకు సంగతి నన్ను చెప్పనీ అన్నాను. హక్కులా అడిగి తీసుకున్నాను ఆ పని. కోడలు నా చెయ్యి పట్టుకుంది. "మీ నోటితో అయితే మెత్తగా చెప్తారు అత్తయ్యా, నా వల్ల కాదు" అంది. ఆ సాయంత్రం పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మాట వెతుక్కుంటూ టీవీ పెట్టాను. టీవీలో ఏదో పై దేశపు ఊరు, ఆకాశంలోకి నిలబెట్టిన అద్దాల్లాంటి మేడలు, ఎండలో ధగధగా మెరుస్తున్నాయి. "నాన్న అక్కడున్నాడా? అవన్నీ నాన్న బిగించాడా?" అంది పిల్ల, నేను నోరు తెరవకముందే. అదే అంది. నేను అనలేదు. నేను ఊఁ అన్నాను, అంతే. అవన్నీ అయ్యాక వస్తాడా అంది. ఊఁ. ఇంకా చాలా మేడలున్నాయా అంది. చాలా ఉన్నాయమ్మా అన్నాను. ఆపైన నేనే కలిపాను, అమ్మ దగ్గర ఈ మాట ఎత్తకు, ఏడుస్తుంది అని. పిల్ల ఎత్తలేదు. దానికి కడుపులో మాట దాచుకోవడం నేర్పించింది నేను, దాచుకున్నందుకు మంచి పిల్లవని బుగ్గ పుణికింది నేను. చెప్పారా అత్తయ్యా అని కోడలు అడిగితే, చెప్పాను అన్నాను. ఏడ్చిందా అంది. లేదు, పెద్దదానిలా విన్నది అన్నాను.

అది బొమ్మలు వేసేది. పలక మీద, పాత క్యాలెండర్ల వెనక, నిలువుగా డబ్బాలు, డబ్బాల్లో గళ్ళు, గళ్ళకి నీలం రంగు. బడిలో సెలవులిస్తున్నారనగా మాస్టారు ఆ బొమ్మలన్నీ చాప మీద పరుచుకుని కూర్చున్నాడు, "ఈ ఊరు నీకంత ఇష్టమా పిచ్చుకా? చూస్తావా?" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. నేను చేటలో ఏదో చెరుగుతున్నాను, తల ఎత్తలేదు. "చూస్తాను" అంది. ఆయనతో అది అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆయన సంతోషం చెప్పనలవి కాదు, రోజూ రాత్రి పని నుంచి వచ్చి పటం పరుచుకోవడమే, ఎక్కడ ఆగాలి, పిల్లలకి ఎక్కడ పాలు దొరుకుతాయి, అమ్మగారు కాళ్ళు చాపుకోవడానికి వెనక సీటు ఎలా జరపాలి. పిల్ల తనకి దగ్గరవుతోందనుకున్నాడు పాపం. అది దగ్గరవుతున్నది వాళ్ళ నాన్నకి, ఆయన కారులో. నేను ఎన్నిసార్లు ఆపగలిగి ఉండేదాన్నో. నాకు ఒంట్లో బాగాలేదంటే ఆగేది. దూరం అన్నాను, ఎండలన్నాను, నీళ్ళు పడవన్నాను, ఆయన అన్నిటికీ ఒక విరుగుడు చెప్పాడు, చెప్పకుండా మిగిలింది అసలు మాట. దారి పొడుగునా పిల్ల కిటికీకి ముక్కు ఆనించి అదేనా, అదేనా అంటుంటే, ఆ ఊరు చేరాక ఏం చేస్తావే ముసలిదానా అని నాకు నేనే అడుక్కున్నాను. ఏదో ఒకటి చెప్తాను, నాన్న ఇంకా దూరపు ఊరికి వెళ్ళాడని చెప్తాను. నిజం, అంతదాకా వచ్చాను. ఇంకో ఊరు, ఇంకో దేశం, ఇంకా పై మేడలు, అలా పేజీలు అతికించుకుంటూ పోదామనుకున్నాను.

"నానమ్మా" అంది పిచ్చుక, బోర్డు అయిపోయింది కాబోలు. "నేను తప్పు చెప్పానా?"

లేదమ్మా అన్నాను.

"మరి అమ్మ నా వైపు చూడదేం?"

గాజు తలుపు వెనక సంచి విప్పుతున్నారు. నాకు ఇక్కణ్ణించే కనబడుతోంది, నిక్కర్లు, తువ్వాళ్ళు, నా మందుల డబ్బా, ఒక్కొక్కటీ బల్ల మీదికి, ఆపైన బూడిదరంగు. ఆఫీసరమ్మ దాన్ని భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తింది. నా కొడుకు ఎత్తరి, చేతులు పొడుగు, ఆ స్వెట్టరు చేతులు బల్ల దాటి కిందికి వేలాడాయి. మాస్టారు పొట్టివాడు. ఆమె స్వెట్టర్ని చూసింది, ఆయన్ని చూసింది, ఏదో అడిగింది. కోడలు ఒక అడుగు వెనక్కి వేసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ అతుకు అది గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆ స్వెట్టరు వంక చూశాడు, తలుపు గాజులోంచి నా వంక చూశాడు. ఆయనకి అంతా అర్థమైపోయింది, బొమ్మలు, మేడలు, ఆ ఊరు మీద పిల్లకి ఇష్టం ఎక్కణ్ణించి వచ్చిందో, అన్నీ, ఆ ఒక్క చూపులో అర్థమవడం నేను చూశాను. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది. ఆయన చెయ్యి చాపి స్వెట్టరు తీసుకుని, తలలోంచి తొడిగేసుకున్నాడు. చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటే ఆఫీసరమ్మతో ఏదో అన్నాడు, ఆయన పెదాలు కదిలిన తీరులో నాకు తెలిసింది ఆ మాట. "నాదే. కాస్త వదులు, అంతే." నా అబద్ధానికి కాపలాగా ఆయన తన అబద్ధం తెచ్చి పెట్టాడు, వయసులో పెద్దదాన్ని సిగ్గుపడనివ్వకూడదని, ఎండాకాలంలో, చెమటలు కారుతుంటే, నా కొడుకు స్వెట్టర్లో నిలబడ్డాడు. ఆఫీసరమ్మ నమ్మలేదు. ఎవరైనా ఎలా నమ్ముతారు? ఆమె మొహం ఇంకా బిగుసుకుంది, కాగితం దగ్గరికి లాక్కుంది.

నేను ఏళ్ళుగా మోసుకొస్తున్న పెద్దరికం అక్కడ, ఆ కుర్చీలో, తడిసిన బట్టలా నా మీంచి జారిపోయింది. ముసలితనాన్ని అడ్డం పెట్టుకున్నాను, దుఃఖాన్ని అడ్డం పెట్టుకున్నాను, తల్లి మనసని, పిల్ల మనసని, ఏవేవో పేర్లు పెట్టుకున్నాను. ఎదుటివాళ్ళ మంచితనం తిని బతికాను ఇన్నాళ్ళూ, తిన్నట్టు కూడా తెలియనివ్వకుండా.

తలుపు తీసుకుని కోడలు బయటికొచ్చింది. నీళ్ళు పట్టుకుంది, తాగలేదు, గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడింది. అరుస్తుందేమోనని చూశాను. దానికి ఎప్పుడూ అరవడం రాదు.

"చెప్పానన్నారు కదా అత్తయ్యా."

నేను తల దించుకున్నాను.

"పెద్దదానిలా విన్నదన్నారు. ఏడవలేదన్నారు. నేను రోజూ దాని మొహం చూసి, ఎంత గుండె దిటవు పిల్లకి, నాకంటే నయం అనుకున్నాను. దాన్ని చూసి నేను లేచాను మంచం మీంచి." గ్లాసు డ్రమ్ము మీద పెట్టేసింది. "ఇప్పుడు కూడా నేను చెప్పను. మీ అబ్బాయి సంగతి మీ నోటితో చెప్తానని అడిగి తీసుకున్నారు. మీరే చెప్పండి."

పిచ్చుక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "ఏం చెప్పాలి అమ్మా?" అంది. కోడలు దాని తల మీద చెయ్యి వేసి తీసేసి, లోపలికి వెళ్ళిపోయింది, మాస్టారి పక్కన నిలబడింది. ఈసారి తలుపు మూయలేదు. తెరిచిన తలుపులోంచి ఆఫీసరమ్మ వచ్చింది, నల్ల బూట్లు బల్ల కిందే వదిలేసి, మేజోళ్ళతో నడుచుకుంటూ, బుడంకాయగాడి అవతలి కుర్చీలో కూలబడింది, వరసంతా ఊగింది. దగ్గర్నుంచి చూస్తే మనిషి అలిసిపోయి ఉంది, ఈమెకీ ఇంట్లో పిల్లలుంటారు. "పెద్దమ్మా" అంది, "నన్ను తిట్టుకోకండి. నా పని ఇది. తండ్రి తరఫు మనిషి మీరొక్కరే ఉన్నారు. కిటికీ దగ్గర తల ఊపారు. ఇప్పుడు నోటితో చెప్పండి, అదే రాసుకుంటాను. ఆయన మీకేమవుతాడు?"

నేను తలుపు వైపు చూశాను. లోపల ఆయన ఇంకా ఆ స్వెట్టరు విప్పలేదు, నుదురు తుడుచుకుంటున్నాడు, దాని పొడుగు చేత్తోనే.

"నా కోడలి భర్త" అన్నాను. అనడం వచ్చింది. "పెళ్ళి నా ముందే జరిగింది. నేను ఒప్పుకున్నాకే చేసుకున్నాడు. ఈ పిల్లలకి తిండీ బట్టా చదువూ అన్నీ ఆయనే చూస్తున్నాడు, నన్నూ చూస్తున్నాడు. ఎవర్నీ ఎత్తుకుపోవడం లేదమ్మా. ఇంట్లో తండ్రి ఎవరంటే ఆయనే. నాన్నా అని పిలవనివ్వనిది నేను."

ఆమె రాసుకుంది. "మరి కన్నతండ్రి?"

నేను బుడంకాయగాడి జుట్టు సవరించాను. పిచ్చుకకి నా మీద జాలేసింది, నేను మర్చిపోయాననుకుంది, నా చెవి దగ్గరికి వంగి, "అద్దాల మేడలని చెప్పు నానమ్మా" అని అందించింది. ఆ ఊపిరి నా చెంపకి వెచ్చగా తగిలింది. ఆఫీసరమ్మ కలం ఆగింది. నన్నూ పిల్లనీ చూసి, గొంతు తగ్గించి, "పాపని కాసేపు బయట తిప్పి తీసుకురమ్మననా?" అంది. దారి చూపించింది, తప్పుకోవడానికి, ఇంకొక్కసారి. వద్దమ్మా అన్నాను. ఇక్కడే ఉండనీ.

బుడంకాయగాడి తలని మెల్లగా కుర్చీ మీదికి జరిపాను. పిచ్చుక రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను, చిన్న చేతులు, వేళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగు. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. ఆఫీసరమ్మ వైపు తిరగలేదు, దాని మొహంలోకే చూశాను.

"నాన్న ఆ ఊళ్ళో లేడమ్మా. నేను నీకు అబద్ధం చెప్పాను. మీ నాన్న రెండేళ్ళ కిందట, మార్చి నెలలో, ఒక బుధవారం పొద్దున పనికి వెళ్ళాడు. మేడ మీంచి పడి చనిపోయాడు. ఆ రోజు ఇంటికి రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు."